అమ్మమ్మ ‘గాయి’ అంది... మార్కు పడలేదు!

రెండు భాషలు మాట్లాడేవారిలో మతిమరుపు జబ్బు నాలుగేళ్లకు పైగా ఆలస్యంగా బయటపడుతోందని ప్రపంచానికి చెప్పింది మన హైదరాబాద్ పరిశోధకులు. తెలుగూ ఒడియా కలగలిసిపోయే నందిగాం దారిలో నిలబడి చూస్తే ఆ శాస్త్రం ఎలా కనిపిస్తుంది? అందులోకి మన పిల్లలు అడుగుపెట్టాలంటే ఏం చదవాలి?

దీపాలు పెట్టే వేళయితే చాలు... మా అమ్మమ్మ వీధి అరుగు మీదకొచ్చి కూర్చునేది. ఒళ్లో చిన్న మూట. అందులో ఓ చీర, దువ్వెన, ఎండిపోయిన నాలుగు తమలపాకులు. ‘ము ఘరకు జిబి’ అనేది. ఇంటికెళ్తానని... ఒడియాలో! ‘ఇదే కదమ్మా మన ఇల్లు’ అని మావయ్య తెలుగులో చెప్పేవాడు. ఆవిడ ఆయన మొహంలోకి కొత్తవాళ్లను చూసినట్టు చూసేది.

అది 2008. టెక్కలి నుంచి పలాస వెళ్లే రహదారికి కాస్త లోపలగా, నందిగాం మండలంలో ఓ పల్లె. అమ్మమ్మ పుట్టిల్లు పర్లాకిమిడి వైపు. అక్కడ ఇంట్లోనూ వీధిలోనూ ఒడియానే. పెళ్లయి ఇటొచ్చాకే తెలుగు. అరవై ఏళ్లపాటు తెలుగులోనే తిట్టింది, తెలుగులోనే లాలించింది. పుట్టింటివాళ్లు వచ్చినప్పుడో, సంతలో బేరమాడేటప్పుడో తప్ప ఆవిడ నోట ఒడియా మాట మేం విన్నదే లేదు. అలాంటిది డెబ్బై ఎనిమిదో ఏట తెలుగు ఒక్కో మాటే రాలిపోయింది. ‘నీళ్లు’ పోయి ‘పాణి’ వచ్చింది. ఆఖరికి కూతుళ్ల పేర్లూ పోయాయి.

ఊళ్లో తలో మాట. ‘పెద్దతనం బావూ... సాదస్తం’ అని ఒకరు. ‘గాలి సోకిందేమో, ఓపాలి సూపించండి’ అని మరొకరు. మావయ్య ఇవేవీ వినకుండా ఓ పట్నం ఆసుపత్రికి తీసుకెళ్లాడు. తోడుగా నేనూ వెళ్లాను. అప్పుడు డిగ్రీ చదువుతున్నా. డాక్టరు కుర్రాడే, ఓపిగ్గానే అడిగాడు. ‘ఇవాళ తారీఖెంత? ఇది ఎన్నో అంతస్తు?’ అమ్మమ్మ జవాబివ్వలేదు. జబ్బు లేని రోజుల్లోనూ ఆవిడకు తారీఖులు తెలీవు. తిథులు తెలుసు. తర్వాత ‘ఒక నిమిషంలో మీకు తెలిసిన జంతువుల పేర్లన్నీ చెప్పండి’ అన్నాడు. అమ్మమ్మ కాసేపు ఆలోచించి మెల్లగా మొదలుపెట్టింది. ‘గాయి... ఛెళి... బిలేయి... కుకుర...’

డాక్టరు వాచీ చూసుకున్నాడు. కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ‘మాటలు కూడా పోయాయండీ, గొణుగుతున్నారు’ అన్నాడు.

గొణగలేదు. ఆవు, మేక, పిల్లి, కుక్క... వరసగా నాలుగు చెప్పింది. మావయ్యకు అర్థమైంది. కానీ డాక్టరు ముందు మనం నోరు తెరవడమేంటని ఊరుకున్నాడు. బస్సులో వస్తుంటే నాతో అన్నాడు, ‘గాయి అంటే ఆవే కదరా!’

ఈ సంగతి నాకు మళ్లీ గుర్తొచ్చింది చాన్నాళ్ల తర్వాత, మెదడు పరిశోధన గురించి ఓ వ్యాసం కోసం చదువుతున్నప్పుడు. మేం ఆ ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్న రోజుల్లోనే హైదరాబాద్‌లో సరిగ్గా ఇలాంటి పెద్దవాళ్ల మీదే ఓ పెద్ద అధ్యయనం నడుస్తోంది!

పంజాగుట్టలో పుట్టిన ప్రశ్న

పంజాగుట్టలోని నిమ్స్ ఆసుపత్రిలో మతిమరుపు జబ్బులకు ప్రత్యేకంగా ఓ క్లినిక్ ఉంది. అప్పట్లో అక్కడి న్యూరాలజిస్టు డాక్టర్ సువర్ణ అల్లాడి. 2006 జూన్ నుంచి 2012 అక్టోబరు దాకా అక్కడికొచ్చిన డిమెన్షియా రోగుల్లో 648 మంది వివరాలను ఆమె బృందం పరిశీలించింది. అందులో 391 మందికి రెండు లేదా అంతకన్నా ఎక్కువ భాషలొచ్చు. తెలుగు, దక్కనీ ఉర్దూ, హిందీ, ఇంగ్లిష్... హైదరాబాద్ వీధుల్లో రోజూ వినపడేవే. మిగతావారికి ఒకే భాష. ఎవరికి ఏ వయసులో జబ్బు మొదలైందో కుటుంబసభ్యులనడిగి లెక్కగట్టారు.

ఒకే భాష వచ్చినవారిలో సగటున 61.1 ఏళ్లకు. రెండు భాషలు వచ్చినవారిలో 65.6 ఏళ్లకు. అంటే నాలుగున్నరేళ్ల తేడా!

2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. నిజానికి ఇలాంటి మాట అంతకుముందే వినిపించింది. కెనడాలోని టొరంటోలో ఎలెన్ బియలిస్టాక్ బృందం 2007లో 184 మంది రోగులను చూసి, రెండు భాషలవారిలో నాలుగేళ్లు ఆలస్యంగా జబ్బు కనిపిస్తోందని చెప్పింది. కానీ దాని మీద ఓ సందేహం మిగిలిపోయింది. అక్కడ రెండు భాషలు మాట్లాడేవారిలో చాలామంది వేరే దేశాల నుంచి వచ్చి స్థిరపడ్డవారు. వాళ్ల తిండి వేరు, బతుకు వేరు. తేడా భాష వల్ల వచ్చిందా, వలస వల్ల వచ్చిందా? అక్కడ తేల్చడం కష్టం. హైదరాబాద్‌లో ఆ చిక్కు లేదు. చార్మినార్ దగ్గర గాజులమ్మే మనిషి రెండు భాషలు మాట్లాడాలంటే ఎక్కడి నుంచో వలస రానక్కర్లేదు కదా.

ఇంకో సందేహం... రెండు భాషలొచ్చినవాళ్లు ఎక్కువ చదువుకున్నవాళ్లేమో, ఆ చదువే మెదడును కాపాడిందేమో? ఆ 648 మందిలో బడి మొహం చూడనివారూ ఉన్నారు, దాదాపు 14 శాతం. వాళ్లను విడిగా లెక్కేసినా రెండు భాషలవారిలో జబ్బు ఇంచుమించు ఆరేళ్లు ఆలస్యం. నన్నడిగితే మొత్తం అధ్యయనంలో విలువైన ముక్క ఇదే. అమ్మమ్మలాంటివాళ్లు ఈ దేశంలో కోట్లమంది. పలక పట్టకపోయినా వాళ్ల మెదడుకు రోజూ కసరత్తు జరిగింది. సంతలో, పొలంగట్టు మీద, పుట్టింటికీ అత్తింటికీ మధ్య.

మరి మూడు, నాలుగు భాషలొస్తే? ఆ అధ్యయనంలో రెండుకు మించితే అదనపు లాభమేమీ కనిపించలేదు. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సుల ప్రకటనల్లో వాడుకుందామనుకునేవారు కాస్త ఆగాలి.

అదే బృందం 2016లో పక్షవాతం మీద మరో పరిశీలన ప్రచురించింది. స్ట్రోక్ వచ్చిన 608 మందిలో, ఆ తర్వాత కూడా ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవారు రెండు భాషల వారిలో 40.5 శాతం. ఒకే భాషవారిలో 19.6 శాతమే.

గాదె నిండుగా ఉంటే...

అదెలా సాధ్యం? రెండు భాషలొచ్చిన మనిషి ఒక భాషలో మాట్లాడుతున్నా రెండోది పూర్తిగా నిద్రపోదు. ‘నీళ్లు’ అందామనుకున్నప్పుడు ‘పాణి’ కూడా తలుపు దగ్గరే నిలబడి ఉంటుంది. దాన్ని వెనక్కి తోసి దీన్ని ముందుకు తేవాలి. ఎదుటి మనిషి మారగానే మళ్లీ తిరగెయ్యాలి. ఈ అదుపు చేసే పని ఎక్కువగా మెదడు ముందు భాగానిది. రోజుకు వందలసార్లు, అరవై ఏళ్లపాటు ఈ పని చేస్తే ఆ భాగాలకు, వాటిని కలిపే దారులకు బలం వస్తుందని పరిశోధకుల ఊహ.

దీన్నే మెదడు ‘నిల్వ’ అంటారు. మన లెక్కలో గాదె అనుకోండి. పంట పోయిన ఏడాది అందరికీ ఒకేలా పోతుంది. గాదెలో గింజలున్న ఇంట్లో ఆకలి ఆలస్యంగా తెలుస్తుంది, అంతే. జర్మన్ వైద్యుడు అలోయిస్ ఆల్జీమర్ 1906లో మొదటిసారి వివరించిన జబ్బులో మెదడు కణాల మధ్య ఓ రకం ప్రొటీన్ పేరుకుపోతుంది. కణాల లోపల మరో ప్రొటీన్ చిక్కులు పడుతుంది. రెండు భాషలు వాటినేమీ ఆపవు. జబ్బు లోపల నడుస్తున్నా మనిషి మరికొన్నాళ్లు నెట్టుకురాగలుగుతాడు. ఆ ‘కొన్నాళ్లు’ ఇంట్లోవాళ్లకు ఎంత విలువైనవో మతిమరుపు మనిషిని చూసుకున్నవాళ్లనే అడగాలి.

అయితే ఇది తేలిపోయిన లెక్క కాదు. నిమ్స్ పరిశీలన ఆసుపత్రికి వచ్చినవారి మీద జరిగింది. రానివాళ్ల సంగతేంటి? జబ్బు లేనివాళ్లను ముందే ఎంచుకుని ఏళ్ల తరబడి వెంబడించిన కొన్ని విదేశీ అధ్యయనాల్లో ఇంత స్పష్టమైన తేడా కనిపించలేదు. పరిశోధకుల్లో రెండు వర్గాలున్నాయి, వాదన నడుస్తూనే ఉంది. ఇలాంటి వాదనలు తెగాలంటే ఆసుపత్రుల్లో కూర్చుంటే చాలదు. ఊళ్లకు వెళ్లాలి.

ఈ దారంతా ప్రయోగశాలే

ఏ ఊళ్లకు? టెక్కలిలో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. నందిగాం దాటి పలాస చేరేలోగా పక్క సీట్లలో మీరు రెండు భాషలు వింటారు. ఇంకా పైకి, మందస, సోంపేట, ఇచ్ఛాపురం వైపు వెళ్లేకొద్దీ ఒడియా చిక్కబడుతుంది. ఆ వైపు ఒడియా మాధ్యమం బడులూ ఉన్నాయి. పడమటికి మెళియాపుట్టి కొండల్లోకి తిరిగితే సవరలు... ఇంట్లో సవర, సంతలో తెలుగు లేదా ఒడియా. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. గీత గీసినంత మాత్రాన పెళ్లిళ్లు ఆగుతాయా! నౌపడ నుంచి పర్లాకిమిడికి 1900లోనే వేసిన రైలు దారి అటూ ఇటూ కోడళ్లను మోస్తూనే ఉంది. ఇక ఈ జిల్లా తీరంలోని మత్స్యకారులైతే గుజరాత్‌లోని వేరావల్ దాకా వలసపోతారు. ముందు తరంలో రంగూన్ వెళ్లొచ్చినవాళ్లుండేవారు.

రెండు భాషలు బాగా వచ్చినవాళ్లు, ఒక్కటే వచ్చినవాళ్లు... పక్కపక్క వీధుల్లో, ఒకే తిండి తింటూ, ఒకే నీళ్లు తాగుతూ! మెదడు మీద భాష ప్రభావమేంటో చూడాలనుకునేవారికి ఇంతకన్నా ఏం కావాలి?

సరిహద్దుకు అవతల ఇలాంటి పని ఎప్పుడో మొదలైంది. ఉత్కళ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త అజిత్ మహంతి, ఫుల్బాణీ ప్రాంతపు కోంధుల్లో కుయి, ఒడియా రెండూ మాట్లాడే పిల్లలను, ఒడియా ఒక్కటే మిగిలిన పిల్లలను పోల్చి చూశారు. రెండు భాషల పిల్లలే ఆలోచనా పరీక్షల్లో ముందున్నారు. ఆ పనంతా 1994లో పుస్తకంగానూ వచ్చింది. పిల్లల సంగతి అలా తెలిసింది. మన వైపు అవ్వల సంగతి ఎవరు చూడాలి?

కర్ణాటకలో చూస్తున్నారు. కోలారు జిల్లా శ్రీనివాసపుర తాలూకా మన మదనపల్లె పక్కనే, తెలుగు బాగా వినపడే చోటు. బెంగళూరు ఐఐఎస్‌సీ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ అక్కడి పల్లెల్లో 45 ఏళ్లు దాటిన పదివేల మందిని ఏళ్ల తరబడి గమనించాలని పని పెట్టుకుంది. జ్ఞాపకశక్తి పరీక్షలు, రక్తపరీక్షలు, ఎమ్మారై స్కాన్లు... మళ్లీ కొన్నాళ్లకు అవే. ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుల్లో ఒకరైన క్రిస్ గోపాలకృష్ణన్ కుటుంబ ట్రస్టు ఆ సంస్థకు 2014లో రూ.225 కోట్లు ప్రకటించింది. దాని వ్యవస్థాపక డైరెక్టర్ విజయలక్ష్మీ రవీంద్రనాథ్. ఆమె బీఎస్సీ, ఎమ్మెస్సీ చదివింది ఎక్కడో తెలుసా? ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో! పలాసలో పొద్దున రైలెక్కితే మధ్యాహ్నం భోజనానికి చేరే ఊళ్లో. 1981లో మైసూరు విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ, ఆ తర్వాత నిమ్హాన్స్, హరియాణాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రానికి తొలి డైరెక్టర్... అలా సాగింది ఆమె ప్రయాణం. 2010లో పద్మశ్రీ అందుకున్నారు.

పల్లెల్నే ఎందుకు ఎంచుకోవాలన్నదానికి లెక్కలున్నాయి. 2023లో వెలువడిన ఓ జాతీయ అధ్యయనం ప్రకారం దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. అంటే దాదాపు 88 లక్షల మంది. పట్నాల్లో కన్నా పల్లెల్లో ఎక్కువ, మగవారిలో కన్నా ఆడవారిలో ఎక్కువ. ఆసుపత్రి దాకా వచ్చేది మాత్రం ఎక్కువగా పట్నాలవాళ్లే.

ఉద్దానం గురించి ఇక్కడో మాట చెప్పుకోవాలి. కిడ్నీ జబ్బు కారణం వెతుకుతూ ఇక్కడికి రాని బృందం లేదు. ‘వస్తారు, రక్తం తీసుకుంటారు, పోతారు. ఏం తేలిందో చెప్పరు...’ అన్న మాట కొబ్బరితోటల్లో ఎవర్ని కదిపినా వస్తుంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. దీర్ఘకాలం కిడ్నీ జబ్బు ఉన్నవారిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత దెబ్బతినే ముప్పు ఎక్కువని ప్రపంచవ్యాప్తంగా పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి మెదడు వైద్యులకూ ఇక్కడ పని ఉంది. కాకపోతే ఈసారి వచ్చేవాళ్లు మన మాట తెలిసినవాళ్లయితే బాగుంటుంది. ఎందుకో చూడండి...

పరీక్ష పెట్టేవారికే పరీక్ష

మతిమరుపును తేల్చే పరీక్షలు చాలామటుకు ఇంగ్లిష్ దేశాల్లో పుట్టినవి. బాగా వాడుకలో ఉన్న ఒకదానిలో ఓ ఇంగ్లిష్ మాట అక్షరాలను వెనక నుంచి చెప్పమంటారు. ఒక వాక్యం రాయమంటారు. ఒకదాన్నొకటి కోసుకునే రెండు ఐదు భుజాల బొమ్మలు గీయమంటారు. బలపం పట్టని మనిషికి ఇవన్నీ సున్నా మార్కులే. మతి ఎంత బాగున్నా సరే! ఢిల్లీ దగ్గర బల్లభ్‌గఢ్ పల్లెల్లో పనిచేసిన బృందం ఈ చిక్కు గుర్తించి 1990ల్లోనే చదువురానివారికి సరిపోయే హిందీ పరీక్షను తయారుచేసింది. ఆ తర్వాత భారత వైద్య పరిశోధన మండలి చొరవతో హిందీ, బెంగాలీ, తెలుగు, కన్నడ, మలయాళం... ఈ ఐదు భాషల్లో ఒకే తీరు పరీక్షలు వచ్చాయి. మంచి పని. ఆ ఐదింటిలో ఒడియా లేదు. సవర సంగతి సరేసరి.

తెలుగు పరీక్షలో మాత్రం తెలుగంటే ఏ తెలుగు? పత్రిక తెలుగులో ఉన్న ప్రశ్నను ‘ఏటి? ఏటంతన్నావు?’ అని అవ్వ తిరిగి అడిగితే దాన్ని అర్థంకాకపోవడంగా రాసుకోవాలా, వినపడకపోవడంగానా? రెండు భాషల మనిషి ఒక జంతువును తెలుగులో, ఒకదాన్ని ఒడియాలో చెబితే రెండూ లెక్కేయాలా? లెక్కేయాలంటే ఎదుట కూర్చున్నవారికి రెండూ తెలియాలి. జబ్బు ముదిరాక తర్వాత నేర్చిన భాష ముందు జారిపోయి చిన్ననాటి భాష మిగలడం కొందరిలో వైద్యులు చూసినదే. పాత జ్ఞాపకాలే గట్టివని ఫ్రెంచి శాస్త్రవేత్త థియోడ్యూల్ రిబో 1881లోనే రాశాడు. అందరికీ ఇలాగే జరుగుతుందని కాదు. జరిగినప్పుడు గుర్తుపట్టే మనిషి ఉండాలి.

గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉన్నప్పుడు సవరలకు చదువు చెప్పాలనుకుని ముందు తాను సవర నేర్చుకున్నారు. 1931లో ఆ భాష వ్యాకరణం అచ్చువేయించారు. మెదడు శాస్త్రంతో ఆయనకు సంబంధం లేదు కానీ, పద్ధతి మాత్రం ఈ పనికీ అదే.

నిమ్స్ అధ్యయనం రాసినవారి పేర్లు చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. అందులో అందరూ డాక్టర్లు కారు. దుగ్గిరాల వసంత ఉస్మానియాలో భాషాశాస్త్ర ఆచార్యులు. సూరంపూడి బాపిరాజు కంప్యూటర్ సైన్స్ నుంచి మెదడు వైపు వచ్చినవారు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చాన్నాళ్లు, ఆ తర్వాత ట్రిపుల్ ఐటీలో పనిచేశారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి థామస్ బాక్ తోడయ్యారు. నిమ్స్‌లో న్యూరాలజీ ఆచార్యులు సుభాష్ కౌల్ కూడా ఉన్నారు. సువర్ణ అల్లాడి ఆ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్‌కు వెళ్లి పరిశోధన కొనసాగించారు. భాష తెలిసినవారు, లెక్క తెలిసినవారు, రోగి తెలిసినవారు... ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటేనే ఆ నాలుగున్నరేళ్ల తేడా బయటపడింది.

‘డాక్టరు చదువా? కాదా?’

ఇంటర్ బైపీసీ అనగానే మన ఇళ్లలో ఒకటే మాట... ఎంబీబీఎస్. సీటు రాకపోతే బీఎస్సీని ఓడిపోయినవాళ్ల చదువులా చూస్తాం. మెదడు పరిశోధనకు తలుపు అక్కడే ఉందని చాలామందికి తెలీదు.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో నాడీ, సంజ్ఞాన శాస్త్రాలకు ప్రత్యేక కేంద్రం ఉంది. అక్కడ ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ రెండూ చేయొచ్చు. కేంద్రీయ విశ్వవిద్యాలయాల పీజీ సీట్లకు ఇప్పుడు సీయూఈటీ-పీజీ పరీక్ష రాయాలి. మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రం 2002 నుంచి డీమ్డ్ విశ్వవిద్యాలయం. అక్కడ న్యూరోసైన్స్‌లోనే ఎమ్మెస్సీ ఉంది. బయాలజీవాళ్లనే కాదు, ఇంజినీరింగ్, వైద్యం చదివినవారినీ తీసుకుంటారు. బెంగళూరు ఐఐఎస్‌సీ, నిమ్హాన్స్‌లలో పీహెచ్‌డీకి వెళ్లాలంటే సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, గేట్, టీఐఎఫ్ఆర్ నిర్వహించే జేజీఈఈబిల్స్ లాంటి పరీక్షలు పనికొస్తాయి. ఏ సంస్థ ఏ స్కోరు అడుగుతుందో ఏటా నోటిఫికేషన్లో చూసుకోవాల్సిందే.

లెక్కలంటే ఇష్టమున్నవారికీ చోటుంది. ఐఐటీ మద్రాసులో వి.శ్రీనివాస చక్రవర్తి పార్కిన్సన్స్ లాంటి జబ్బుల్లో మెదడు ఎలా తడబడుతుందో కంప్యూటర్ నమూనాల్లో చూపిస్తారు. తెలుగు పిల్లల కోసం ఎన్నో సైన్సు పుస్తకాలను అనువదించిందీ ఆయనే. అదే ఐఐటీలోని మరో బృందం 2024 డిసెంబరులో గర్భస్థ శిశువు మెదడు త్రీడీ పటాన్ని విడుదల చేసింది. అందుకోసం 5,132 పొరల చిత్రాలు తీశారు.

ఇక తల్లిదండ్రులు అడిగే అసలు ప్రశ్న. ఎన్నేళ్లు, ఎంత? డిగ్రీ అయ్యాక ఎమ్మెస్సీ రెండేళ్లు, పీహెచ్‌డీ అయిదారేళ్లు. నెట్‌లో జేఆర్ఎఫ్ వస్తే ఇంటి నుంచి డబ్బు పంపనక్కర్లేదు. 2023 జనవరి నుంచి పెంచిన ప్రకారం తొలి రెండేళ్లు నెలకు రూ.37 వేలు, తర్వాత రూ.42 వేలు. ఇంటి అద్దె భత్యం అదనం. అయితే ఆ డబ్బు నెలల తరబడి ఆలస్యమైన సందర్భాలూ ఉన్నాయి. పీహెచ్‌డీ అయ్యాక వెంటనే ఉద్యోగం చేతిలో పడదు. చాలామంది ఇంకో రెండుమూడేళ్లు పోస్ట్‌డాక్టరేట్ పేరుతో మరో ప్రయోగశాలలో, తరచూ మరో దేశంలో పనిచేస్తారు. స్థిరపడేసరికి ముప్ఫై అయిదు దగ్గరపడుతుంది. ‘పెళ్లెప్పుడు?’ అన్న ప్రశ్నకు ఆడపిల్లలు ఇచ్చుకోవాల్సిన జవాబులు ఎక్కువ. ఇవన్నీ ముందే తెలిసి వెళ్లడం మంచిది.

లోపల పనీ సినిమాల్లో చూపించినట్టుండదు. ఒకే ప్రయోగం యాభైసార్లు చేయాలి. ఎలుకలతో పనిచేసే చోట పండగైనా వాటి బాగోగులు చూడాలి. ఈఈజీలో తల మీద టోపీలాంటిది తొడిగి మెదడు విద్యుత్ సంకేతాలను పట్టుకుంటారు. ప్రయోగానికి వచ్చేవారికి ముందు రోజే చెప్పే మాట ఒకటుంది... తలస్నానం చేసి రండి, నూనె మాత్రం రాసుకోవద్దు. నూనె ఉంటే సంకేతం సరిగా అందదు. ఉద్దానంలో ఇంటింటికీ తిరిగి ఈ మాట ఒప్పించగల పరిశోధకుడు పుడితే, పీహెచ్‌డీ అక్కడికక్కడే ఇచ్చేయొచ్చు!

మొన్న సంక్రాంతికి నందిగాం వెళ్లాను. అమ్మమ్మ పోయి చాలా ఏళ్లయింది. అరుగు మాత్రం అలాగే ఉంది. మావయ్య మనవరాలు టెక్కలిలో బీఎస్సీ రెండో ఏడు చదువుతోంది. ఈ వ్యాసం కోసం నేను రాసుకున్న కాగితాలు తిరగేసి, జంతువుల పేర్ల పరీక్ష దగ్గర ఆగింది. ఆనాటి ఆసుపత్రి సంగతి చెప్పాను. ‘ముత్తమ్మమ్మ ఏటేటి చెప్పింది బాబాయ్?’ అంది. నాకు నాలుగే గుర్తున్నాయి. మావయ్యను పిలిచింది. ఆయన అరుగు మీద కూర్చుని, కళ్లు మూసుకుని, ఆ రోజు విన్నవి ఒక్కొక్కటే చెప్పాడు. గాయి. ఛెళి. బిలేయి. కుకుర. కాసేపాగి, హాతి. మరికాసేపాగి, మాఛ. అంటే చేప.

అది వేళ్ల మీద లెక్కపెట్టింది. ‘ఆరు’ అంది. కాగితం అంచున పెన్సిలుతో రాసుకుంది. ‘చేపను జంతువు కింద రాస్తారా, రాయరా?’ అని అడిగింది.